మీ గోడౌన్లలో ఉన్న నాలుగు ఛానెళ్ళ టేపులు బయటికి తియ్యండి

సోనీ మ్యూజిక్, వార్నర్, యూనివర్సల్ వాళ్ళకి, ఇంకా రికార్డు కంపెనీలు కొనీ అమ్మీ కలిపీ చివరికి 1970ల నాటి టేపుల తాళంచెవులు చేతిలో మిగిలినవాళ్ళందరికీ,

అయ్యా, అమ్మా,

వీడేంటి తెలుగులో రాస్తున్నాడు అనుకోకండి. మీ ఆఫీసులో ఐటీ వాళ్ళు కూర్చునే ఫ్లోర్‌కి వెళ్ళి ఒక్క కేకేస్తే తెలుగు చదవగలిగినవాళ్ళు ఒకళ్ళైనా దొరుకుతారు, వాళ్ళతో చదివించుకోండి, వాళ్ళకీ కాస్త కాలక్షేపం. నేను అడిగేది ఒక్కటే. 1969 నుంచి దాదాపు 1978 దాకా మీ కంపెనీలు, లేదా మీరు తర్వాత మింగేసిన కంపెనీలు, స్టీరియోతో పాటు నాలుగు ఛానెళ్ళలో విడిగా మిక్స్ చేయించి పెట్టుకున్న ఆల్బమ్‌లు ఉన్నాయి కదా, క్వాడ్రాఫోనిక్ అని, వాటిని ఉన్నవి ఉన్నట్టుగా, కొత్త మెరుగులేవీ దిద్దకుండా మాకు అమ్మండి. ఊరికే ఇమ్మనట్లేదు, అమ్మమంటున్నా.

చదివే మనవాళ్ళలో చాలామందికి క్వాడ్ అంటే తెలిసుండదు కాబట్టి కంపెనీల వాళ్ళు రెండు నిమిషాలు ఆగండి, వీళ్ళకి చెప్పి వస్తా. స్టీరియో అంటే ఎదురుగా రెండు స్పీకర్లు. క్వాడ్ అంటే గదికి నాలుగు మూలలా నాలుగు, ముందు రెండు వెనక రెండు, కుదిరితే నాలుగూ ఒకే రకంవి, మధ్యలో మనం. ఇప్పటి 5.1 సెట్ల మీద పెడితే సెంటర్ స్పీకర్‌కీ సబ్‌వూఫర్‌కీ విడిగా పనేమీ ఉండదు, ఎందుకంటే వాటికంటూ ఆ టేపులో ట్రాకే లేదు. వాన్‌గార్డ్ అనే అమెరికా కంపెనీ 1969లో రీల్ టేపుల మీద మొదలుపెట్టింది, 1970లో ఆర్‌సీఏ వాళ్ళు ఎయిట్-ట్రాక్ కార్ట్రిడ్జ్‌ల్లోకి, అంటే డబ్బాలో పెట్టిన టేపుల్లోకి తెచ్చారు, ఆ తర్వాత ఎల్పీల్లోకి, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డుల్లోకి వచ్చింది, గొడవంతా అక్కడే మొదలైంది, దాని సంగతి తర్వాత.

వినడానికి ఎలా ఉంటుందంటే, పెళ్ళి పందిట్లో సరిగ్గా మధ్యలో కూర్చున్నప్పుడు సన్నాయి ఒక పక్క నుంచి, డోలు ఇంకో పక్క నుంచి, వెనకాల ఆడవాళ్ళ పాట, ఎక్కడో వంటవాళ్ళ గరిటెల చప్పుడు, ఏది కావాలంటే దాని మీదకి చెవి పోతుంది, ఒకదాన్ని ఇంకోటి కప్పెయ్యదు, అదీ తేడా. స్టీరియోలో పది వాయిద్యాలు ఆ రెండు స్పీకర్ల మధ్య ఇరుక్కుని కూర్చోవాలి కాబట్టి మిక్స్ చేసేవాడు ఒకదాన్ని తగ్గించి ఒకదాన్ని పెంచి ఏదో సర్దుబాటు చేస్తాడు. క్వాడ్‌లో ఆ ఇరుకు లేదు. మీకు బాగా తెలిసిన ఆల్బమే పెట్టుకుని వినండి, ఇన్నేళ్ళుగా ఉందని కూడా తెలియని ఒక గిటారు ముక్క వెనక ఎడమ మూల నుంచి మొదలవుతుంది, ఇదెప్పటి నుంచి ఉంది ఇక్కడ అనిపిస్తుంది.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ ఆల్బమ్ డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ సంగతే తీసుకోండి, 1973. దాని క్వాడ్ మిక్స్ చేసింది ఆలన్ పార్సన్స్, ఆ ఆల్బమ్ రికార్డింగ్‌కి ఇంజనీర్ ఆయనే. టైమ్ పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయే, అవి ఆ పాట కోసం రికార్డు చేసినవి కావు, క్వాడ్ అంటే ఏంటో జనానికి వినిపించే డెమో కోసం పార్సన్స్ ఒక పాత సామాన్ల షాపుకి పోయి ఒక్కో గడియారం విడివిడిగా రికార్డు చేసుకొచ్చినవి, తర్వాత పాటలోకి ఎక్కాయి. అంటే మనందరం రెండు స్పీకర్లలో, ఇయర్‌ఫోన్స్‌లో వింటూ ఆహా అనుకుంటున్న ఆ చప్పుడు నాలుగు మూలల కోసం పుట్టింది. మనీ పాట మొదట్లో చిల్లర డబ్బుల మోత, క్యాష్ రిజిస్టర్ మోత ఉంటాయి కదా, ఏడు దెబ్బల లెక్క, మన మిశ్రచాపులో వేసుకోవచ్చు, క్వాడ్‌లో ఆ ఏడు దెబ్బలూ ఒక్కో మూల నుంచి పడుతూ గది చుట్టూ తిరుగుతాయి, స్టీరియోలో అదే ముక్క కుడీ ఎడమా కుడీ ఎడమా. ఆ ఏడాది ఫిబ్రవరిలో లండన్ ప్లానెటేరియంలో పత్రికల వాళ్ళకి ఆల్బమ్ వినిపించే ఫంక్షన్ పెడితే అప్పటికి క్వాడ్ మిక్స్ పూర్తికాక స్టీరియోలోనే వేశారు, దాంతో బ్యాండ్‌లో ఒక్క రిక్ రైట్ తప్ప మిగతావాళ్ళు రావడమే మానేశారు. వాళ్ళు దాన్ని అంత సీరియస్‌గా తీసుకున్నారు మరి. అంతకు ముందు 1967లోనే లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్ కచేరీలో అజిమత్ కోఆర్డినేటర్ అనే జాయ్‌స్టిక్ పెట్టె పెట్టుకుని శబ్దాన్ని హాలు చుట్టూ తిప్పినవాళ్ళు వాళ్ళు.

ఇంత బాగుంటే మరి ఎందుకు చచ్చిపోయింది అని అడుగుతారు మావాళ్ళు. చంపింది మీరే, అంటే మీ ముందు తరం వాళ్ళు. ఎల్పీ గాడిలో రెండు ఛానెళ్ళే పడతాయి, అందులోకి నాలుగు ఎలా దూర్చాలి అన్నదానికి తలా ఒక దారి పట్టారు. కొలంబియా వాళ్ళది ఎస్‌క్యూ, 1971. వెనక రెండు ఛానెళ్ళని ఫేజ్ తొంభై డిగ్రీలు తిప్పి ముందు రెండిట్లో కలిపేస్తారు, ఇంటి దగ్గర డికోడర్ పెట్టి మళ్ళీ విడదీసుకోవాలి. కానీ ఒకసారి కలిసిన పాలూ నీళ్ళూ పూర్తిగా ఎక్కడ విడతాయి, మామూలు డికోడర్‌తో ముందుకీ వెనక్కీ తేడా మూడు డెసిబెల్స్ దగ్గరే ఆగిపోయేది, ముందు పాడుతున్నాయన గొంతు వెనక నుంచి కూడా వస్తుంటే జనం ఏమనుకుంటారు? సాన్సుయ్ వాళ్ళది క్యూఎస్, అదీ ఈ కలిపే పద్ధతే కానీ లెక్క వేరు, ఆ రికార్డు ఈ డికోడర్‌లో సరిగా పలకదు. జేవీసీ వాళ్ళు తెచ్చి ఆర్‌సీఏ అందుకున్నది సీడీ-4. పేరు చూసి కాంపాక్ట్ డిస్కు అనుకునేరు, కాదు, ఎల్పీయే. దాంట్లో నాలుగు ఛానెళ్ళూ నిజంగా విడిగానే ఉంటాయి, ముందూ వెనకా కలిపినది మామూలుగా వినపడే దాంట్లో, వాటి తేడా 30 కిలోహెర్ట్జ్ కేరియర్, అంటే దాన్ని మోసుకుపోయే తరంగం మీద, మన చెవికి అందనంత పైన. ఆ కేరియర్‌ని చదవాలంటే ముల్లు 45 కిలోహెర్ట్జ్ దాకా కదలాలి, మామూలు ముల్లు వల్ల కాదు, అందుకని జేవీసీలో షిబాటా అనే ఆయన ప్రత్యేకంగా ఒక ముల్లు తయారుచేశాడు, ఈరోజుకీ ఖరీదైన కార్ట్రిడ్జ్‌ల మీద షిబాటా స్టైలస్ అని ఆ పేరుతోనే అమ్ముతున్నారు. మామూలు ముల్లుతో పదిసార్లు వేస్తే కేరియర్ అరిగి వెనక స్పీకర్లలో బరబరా ఇసుక పోసినట్టు చప్పుడు. దానికోసం రికార్డు ప్లాస్టిక్ కూడా మార్చి సూపర్ వినైల్ అని గట్టిది తేవాల్సొచ్చింది.

ఇప్పుడు 1974లో అమెరికాలో ఒక మామూలు మనిషి షాపుకి పోయాడనుకోండి. నాలుగు స్పీకర్లు, నాలుగు ఛానెళ్ళ ఆంప్లిఫయర్ కొనాలి, అక్కడికే జేబు ఖాళీ. ఆ పైన ఎస్‌క్యూ డికోడరా, క్యూఎస్ డికోడరా, సీడీ-4 డీమాడ్యులేటరా, ముల్లు మార్చాలా, ఇదంతా ఆ కౌంటర్ వెనక కుర్రాడికే సరిగా తెలీదు. కొలంబియా వాళ్ళు ఒకే ఆల్బమ్‌ని స్టీరియోకి ఒక రికార్డు, బంగారు రంగు అంచు అట్టతో క్వాడ్‌కి ఇంకో రికార్డు అని రెండు రకాలుగా వేశారు, షాపువాడు రెండూ పెట్టుకోవాలి. ఎల్విస్ హవాయి నుంచి శాటిలైట్‌లో చేసిన 1973 కచేరీ ఆల్బమ్ సీడీ-4లో వచ్చి అమెరికాలో నంబర్ వన్ అయ్యింది, అంటే జనానికి ఇష్టం లేక కాదు. మీరు మీరు కొట్టుకున్నారు, జనం విసుగెత్తి పక్కకి పోయారు, అంతే. ఇందులో తమాషా ఏంటంటే ఎస్‌క్యూ పట్టుకుని వేలాడిన కొలంబియా, సీడీ-4 పట్టుకుని వేలాడిన ఆర్‌సీఏ, ఇద్దరూ ఇప్పుడు ఒకే సోనీ ఇంట్లో ఉన్నారు. ఇక కొట్టుకోవడానికి ఎవరూ లేరు, అందుకే ధైర్యంగా అడుగుతున్నా.

ఇంకో మాట, మన సినిమా పిచ్చోళ్ళ కోసం. ఆ ఫేజులు తిప్పి రెండిట్లోకి నాలుగు దూర్చే విద్య ఎక్కడికీ పోలేదు, డాల్బీ వాళ్ళు దాన్నే సినిమాకి పట్టుకెళ్ళారు. 1970ల మధ్య నుంచి వచ్చిన డాల్బీ స్టీరియోలో ఫిల్ము అంచున ఉన్న రెండు ఆప్టికల్ ట్రాకుల్లోనే లెఫ్ట్, సెంటర్, రైట్, సరౌండ్ నాలుగూ ఉండేవి, స్టార్ వార్స్ 1977లో చాలా థియేటర్లలో జనం విన్నది అదే. తర్వాత డీటీఎస్ అని పోస్టర్ మీద హీరో మొహమంత అక్షరాలు వేసుకుని మన ఊళ్ళల్లో ఆడిన రోజులకీ, ఇప్పుడు అట్మాస్ థియేటర్ అంటే ఇరవై కిలోమీటర్లు పోయి చూసొచ్చే రోజులకీ తాతగారు ఈ క్వాడే. తాతగారి పెట్టె మాత్రం అటక మీద ఉంది, తాళం మీ దగ్గరుంది.

నేనుండేది అమెరికాలో, ఇక్కడ పాత సామాన్లు అమ్మే షాపుల్లో క్వాడ్ ఎయిట్-ట్రాక్ కార్ట్రిడ్జ్‌లు ఇంకా కనపడతాయి. మామూలు ఎయిట్-ట్రాక్‌లో స్టీరియో ప్రోగ్రాములు నాలుగు, ఇందులో నాలుగేసి ట్రాకులతో రెండే, పై మూలన చిన్న గంటు ఉంటుంది, దాన్ని చూసే ప్లేయర్ తనంతట తనే క్వాడ్‌కి మారుతుంది, నేను కూడా చేత్తో తడిమి ఆ గంటు బట్టే ఏరుకుంటా. ఇంటికి తెచ్చి తీసి చూస్తే లోపల టేపుని హెడ్డుకి ఆనించే స్పాంజి పొడి పొడి అయిపోయి ఉంటుంది, ప్రోగ్రాము మార్చే వెండి రంగు రేకు అతుకు ఊడిపోయి ఉంటుంది, కొన్నిటిలో రబ్బరు రోలర్ కరిగి నల్లటి జిగురులా వేళ్ళకి అంటుకుంటుంది, ఇల్లంతా ఒక రకం వాసన. స్పాంజి మార్చి, రేకు మళ్ళీ అతికించి, అప్పుడు వేస్తే వస్తుంది, హిస్సు వస్తుంది, ట్రాకు సరిగా కూర్చోకపోతే పక్క ప్రోగ్రాములో పాట కూడా సన్నగా వస్తుంది, కానీ వస్తుంది. కొన్ని ఆల్బమ్‌ల క్వాడ్ మిక్స్ ఎల్పీగా అసలు రాలేదు, ఈ కార్ట్రిడ్జ్‌లోనే వచ్చింది, అంటే మీరు మాస్టర్ టేపు, అంటే ఆ మిక్స్ అసలు టేపు తియ్యకపోతే దాని గతి ఈ స్పాంజి ముక్క మీద ఆధారపడి ఉంది. ఇలాంటివి ఓపిగ్గా బాగుచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే పిచ్చోళ్ళు దేశదేశాల్లో ఉన్నారు, ఎస్‌క్యూ రికార్డుల కోసం ఆస్ట్రేలియాలో ఇన్వాల్వ్ ఆడియో అనే చిన్న కంపెనీ ఈ కాలంలో కూర్చుని కొత్త డికోడర్ తయారుచేసి అమ్ముతోంది, అది 1970ల డికోడర్ల కంటే ఎంతో మేలు. యాభై ఏళ్ళ కిందటి ఫార్మాట్‌కి ఇప్పుడు కొత్త డికోడర్ కొనేవాళ్ళున్నారంటే మార్కెట్ లేదని మాత్రం నాకు చెప్పకండి.

మీ గోడౌన్లలో పరిస్థితి కార్ట్రిడ్జ్‌ల కంటే మేలే అయ్యుంటుంది, ఏసీ ఉంటుంది, కొన్ని టేపులు పెన్సిల్వేనియాలో పాత సున్నపురాయి గనిలో నేల కింద భద్రంగా ఉన్నాయంటారు, సంతోషం. కానీ ఆ గనిలో కూడా కాలం ఆగదు కదా. 1970ల మధ్య నుంచి వాడిన ఆంపెక్స్ 456 లాంటి టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాల్లో తేమ పీల్చుకుని బంక బంకగా అయిపోతుంది, మెషీన్ మీద వేస్తే కీచుమంటూ హెడ్డుకి అంటుకుని పొడి రాలుతుంది, రాలిన పొడితోపాటు పాట కూడా పోతుంది. దానికి మందు ఏంటంటే టేపుని సుమారు 54 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు బేక్ చెయ్యాలి, నిజంగానే, అప్పడాలు ఎండబెట్టినంత శ్రద్ధగా, అప్పుడు కొన్నాళ్ళు మామూలుగా ఆడుతుంది, ఆ లోపల డిజిటల్ చేసుకోవాలి. దానికి అరంగుళం నాలుగు ట్రాకుల హెడ్డు ఉన్న మెషీన్ కావాలి, హిస్సు తగ్గించే డాల్బీ-ఏ పద్ధతి వాడి ఉంటే దాని డికోడర్లు నాలుగు కావాలి, వాటిని సరిచెయ్యడం తెలిసిన మనిషి కావాలి. మెషీన్లైనా ఎక్కడో వెతికితే దొరుకుతాయేమో, మనుషులకి వయసు మీద పడుతోంది.

2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ తగలబడినప్పుడు పాటల టేపులున్న గోడౌన్ కూడా కాలిపోయింది. దాని గురించి 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసేదాకా బయటివాళ్ళెవరికీ ఎంత పోయిందో తెలీదు, ఐదు లక్షల పాటల దాకా పోయి ఉంటాయని కంపెనీ లోపలి కాగితాల్లోనే ఉందని వాళ్ళు రాశారు, అంత లేదు చాలా తక్కువ అని కంపెనీ వాళ్ళన్నారు. అక్కడున్న వాటిల్లో ఏబీసీ కంపెనీ టేపులు కూడా ఉన్నాయని ఆ పేపర్లోనే ఉంది, ఏబీసీ అంటే క్యూఎస్‌లో క్వాడ్ రికార్డులు వేసినవాళ్ళు. ఎంత పోయిందన్న లెక్క దగ్గర మీలో మీకే గొడవ వచ్చిందంటే అసలు ఏముందో ముందు సరిగా రాసుకోలేదనే కదా. పదకొండేళ్ళు ఎవరికీ తెలీకుండా ఉండగలిగిందంటే నాకు భయం వేసేది మంట గురించి కాదు, ఆ మౌనం గురించి.

మీలో మంచిపని చేస్తున్నవాళ్ళు లేరని కాదు. వార్నర్ వాళ్ళ రైనో 2016లో చికాగో బ్యాండ్ క్వాడ్ ఆల్బమ్‌లన్నీ కలిపి బ్లూ-రే పెట్టె వేసింది, తర్వాత క్వాడియో పేరుతో విడివిడిగా కూడా వేస్తోంది, నాలాంటివాళ్ళు ఎదురుచూసి కొనుక్కుంటున్నారు. ఇంగ్లండ్‌లో డటన్ వొకాలియన్ అనే చిన్న కంపెనీ మీ దగ్గర లైసెన్సు తీసుకుని క్వాడ్ మాస్టర్ల నుంచి ఎస్‌ఏసీడీలు, అంటే రెండు కంటే ఎక్కువ ఛానెళ్ళు పట్టే మేలురకం సీడీలు వేస్తోంది, చాలాసార్లు ఒకే డిస్కు మీద రెండు ఆల్బమ్‌లు, ధర కూడా మామూలు మనిషికి అందేలా. సోనీ జపాన్ వాళ్ళు ఏడంగుళాల అట్టల్లో ముచ్చటగా సాంటానా, మైల్స్ డేవిస్, హెర్బీ హాంకాక్ క్వాడ్‌లు వేశారు, తెప్పించుకుంటే పోస్టు ఖర్చుతో కళ్ళు తిరుగుతాయి అది వేరే సంగతి. అన్నిటికంటే నాకు నచ్చింది నెదర్లాండ్స్ వాళ్ళ పెంటాటోన్. ఫిలిప్స్ కంపెనీ 1970లలో క్లాసికల్ సంగీతం నాలుగు ఛానెళ్ళలో రికార్డు చేసి, ఈలోపు క్వాడ్ మార్కెట్ కుప్పకూలేసరికి స్టీరియోలో మాత్రమే అమ్మింది. 2001లో ఫిలిప్స్ నుంచి బయటికొచ్చిన వాళ్ళే పెంటాటోన్ పెట్టి ఆ టేపులు తీసి ఎస్‌ఏసీడీగా వేశారు, అంటే రికార్డు చేసిన పాతికేళ్ళకి పైగా అయ్యాక మొదటిసారి జనం నాలుగు ఛానెళ్ళూ విన్నారు. జర్మనీ క్లాసికల్ కంపెనీ డాయిచె గ్రామోఫోన్ వాళ్ళైతే 2023 నుంచి తమ పాత నాలుగు ట్రాకుల టేపుల నుంచే నేరుగా కొత్త ఎల్పీలు కోయించి అమ్ముకుంటున్నారు, అవి వట్టి స్టీరియో ఎల్పీలు, అయినా జనం ఎగబడి కొన్నారు.

ఇక నా అసలు కడుపుమంట. అట్మాస్ వచ్చింది, 2021లో ఆపిల్ వాళ్ళు స్పేషియల్ ఆడియో అని మొదలుపెట్టాక మీరందరూ పాత ఆల్బమ్‌లన్నీ వరసపెట్టి అట్మాస్‌లో కొత్తగా మిక్స్ చేయిస్తున్నారు. చేయించుకోండి, కొన్ని చాలా బాగున్నాయి, నేనూ వింటా. కానీ కొత్త అట్మాస్ ఉంది కదా ఇంక పాత క్వాడ్ ఎందుకు అనే ధోరణి వచ్చేసింది, అది మాత్రం ఒప్పుకోను. మాయాబజార్‌కి 2010లో రంగులేశారు, చూశాం, బాగానే ఉంది, అలాగని 1957 నాటి బ్లాక్ అండ్ వైట్ ప్రింటు ఇంక చూపించం అంటే మా ఊళ్ళల్లో ఊరుకుంటారా? క్వాడ్ మిక్స్ అనేది ఆ రోజుల్లో, ఆ పాట పాడినవాళ్ళు బతికుండగా, చాలాసార్లు ఆ గదిలో ఉన్న ఇంజనీరే కూర్చుని చేసింది. ఇలాగే చెయ్యాలన్న రూల్ ఏదీ అప్పటికి లేదు, అందుకే భయం లేకుండా చేశారు, డ్రమ్స్ వెనక పెట్టేశారు, కోరస్‌ని నాలుగు ముక్కలు చేసి నాలుగు మూలలకి విసిరారు. ఇప్పటి అట్మాస్ మిక్సులు కొన్ని ఎంత మర్యాదగా ఉంటాయంటే ముందంతా స్టీరియోలాగే ఉంచి వెనక కాస్త ప్రతిధ్వని చల్లి వదిలేస్తారు. అవును, క్వాడ్‌లలో చెత్త కూడా ఉంది, టాంబురీన్‌ని గిరగిరా తిప్పి తలనొప్పి తెప్పించినవి ఉన్నాయి. అవి కూడా ఇవ్వండి, నచ్చకపోతే మేమే తిట్టుకుంటాం.

రెండో మంట, పెద్ద పెట్టెలు. డార్క్ సైడ్ క్వాడ్ మిక్స్ 1970ల తర్వాత అధికారికంగా బయటికొచ్చింది 2011లో ఇమ్మర్షన్ అనే పెద్ద సెట్టు పెట్టెలో, వాళ్ళదే విష్ యు వర్ హియర్ ఆల్బమ్ క్వాడ్ కూడా అలాగే ఇంకో ఇమ్మర్షన్ పెట్టెలో. ఆ పెట్టెల్లో గోలీలు, ఒక స్కార్ఫు, గ్లాసు కింద పెట్టుకునే అట్టలు కూడా ఇచ్చారు. గోలీలు ఎవరడిగారండీ? నాకు కావల్సింది నలభై చిల్లర నిమిషాల నాలుగు ఛానెళ్ళ ఆడియో, దానికోసం నేను స్కార్ఫు కూడా కొనాలా? ఆ పెట్టెలు అయిపోయాక సెకండ్ హ్యాండ్‌లో వాటి ధర చూస్తే బంగారం షాపుకి పోయినట్టుంటుంది. ఆ బ్యాండ్ రికార్డింగుల హక్కులు 2024లో సోనీ కొనుక్కుంది కాబట్టి ఇప్పుడు సోనీ వాళ్ళకే చెప్తున్నా, ఆ రెండు మిక్సులూ విడిగా, ఒట్టి పాటలు, గోలీలు లేకుండా.

మూడోది డిస్కులు. ఎస్‌ఏసీడీ మంచిదే, బ్లూ-రే మంచిదే, కానీ ప్లేయర్లు ఏవీ? అన్ని రకాల డిస్కులూ ఆడే ప్లేయర్లకి పేరుపడ్డ ఒప్పో డిజిటల్ 2018లో ప్లేయర్ల తయారీ ఆపేసింది. మా పిల్లల ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న మనిషి ఒక ఎస్‌ఏసీడీ తెప్పించుకోవాలంటే డిస్కు ధర, పోస్టు, కస్టమ్స్, ఆ పైన ప్లేయర్. అదే నాలుగు ఛానెళ్ళ ఫ్లాక్ ఫైలు, అంటే నాణ్యత తగ్గకుండా కుదించిన ఫైలు డౌన్‌లోడ్‌గా అమ్మితే, ఏ ఐదారేళ్ళ కిందటి హోమ్ థియేటర్ రిసీవర్ ఉన్నా కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి వినేస్తాడు. మనవాళ్ళ ఇళ్ళల్లో సినిమాల కోసం కొన్న 5.1 సెట్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలీదు, సోఫా గోడకి ఆనించకుండా రెండు మూడడుగులు ముందుకి జరిపి, వెనక స్పీకర్లు పక్కకి కాకుండా నిజంగా వెనక మూలలకి పెడితే చాలు, క్వాడ్‌కి అంతకంటే అక్కర్లేదు. స్ట్రీమింగ్‌లో పెడతామంటారా, పెట్టండి, అట్మాస్ డబ్బాలోనే నాలుగు మూలల ఛానెళ్ళలో క్వాడ్‌ని పెట్టి ఇవ్వచ్చు, అది 768 కిలోబిట్లకి నొక్కేసిన ఆడియో కాబట్టి మాకు పూర్తిగా తృప్తి ఉండదు, కానీ ఊరికే ఒక చెవి పడేసిన కుర్రాడు రేపు ఫైలు కొనుక్కుంటాడు.

ఒకసారి ఒక కంపెనీకి, పేరెందుకులెండి, ఫలానా ఆల్బమ్ క్వాడ్ టేపు మీ దగ్గర ఉందా అని మర్యాదగా మెయిల్ పెట్టాను. మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది అని జవాబొచ్చింది, కింద టీ-షర్టుల డిస్కౌంట్ కూపన్. అందుకే ఇలా అందరి ముందూ అడగాల్సొస్తోంది.

ఆర్టిస్టు ఒప్పుకోలేదంటే అర్థం చేసుకుంటా, వాళ్ళ పాట వాళ్ళిష్టం. కాంట్రాక్టులో క్వాడ్ గురించి రాసి లేదు, లాయర్లు కూర్చోవాలి అంటే అదీ అర్థమవుతుంది. అమ్మకాలు తక్కువ, మీరే వెయ్యలేమంటే డటన్ లాంటివాళ్ళకి ఇచ్చేయండి, మీ చేతికి మట్టి అంటకుండా వాళ్ళు వేసుకుంటారు, మీకు రాయల్టీ వస్తుంది. వెయ్యము, ఇంకొకళ్ళని వెయ్యనివ్వము, ఉందో లేదో కూడా చెప్పము అంటే మాత్రం అర్థం కాదు.

ఈ ఉత్తరం కాపీ ఒకటి మన ఆడియో కంపెనీలకీ, పాత నిర్మాతల వారసులకీ కూడా. మనకి క్వాడ్ రికార్డుల బాధ లేదు కానీ 70 ఎంఎం రోజులున్నాయి. 1986లో సింహాసనం తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమాగా ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండ్‌తో వచ్చింది, ఆ ప్రింట్ల మీద శబ్దం అయస్కాంతపు పట్టీల మీద ఉండేది, వాటికీ వయసుతో రోగాలు వస్తాయి. థియేటర్లో ఆరు ట్రాకుల్లో విన్న పాట ఇప్పుడు ఫోన్లో రెండు చెవుల్లో వింటున్నాం. ఆ మాగ్నెటిక్ ట్రాకులు ఎవరి ఇంట్లోనైనా, ఏ ల్యాబులోనైనా ఉంటే దయచేసి పారేసే సామాన్లలో కలపకండి, ఎండలో పెట్టకండి, మీకు అక్కర్లేకపోతే అక్కరున్నవాళ్ళు ఉన్నారని గుర్తుంచుకోండి.

మళ్ళీ పెద్ద కంపెనీల వాళ్ళకి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీకపోతే లిస్టుతో మొదలుపెట్టండి. ఏ ఆల్బమ్, ఏ సంవత్సరం, క్వాడ్ మాస్టర్ ఉందా లేదా, ఎవరు మిక్స్ చేశారు, టేపు ఏ కంపెనీది, డిజిటల్ అయ్యిందా, ఇంతే, ఒక ఎక్సెల్ షీటు. మొదట్లో చెప్పిన మీ ఐటీ ఫ్లోర్‌లో మావాళ్ళకి ఇస్తే రెండు రోజుల్లో వెబ్‌సైట్లో పెట్టేస్తారు. ఆ లిస్టులో 456 టేపు అని ఉన్నవన్నీ ముందు బేకింగ్‌కి పంపండి, మిగతావి తర్వాత. ఫైలు అమ్మేటప్పుడు మిక్స్ చేసిన ఇంజనీరు పేరు వెయ్యండి, పాత అట్టల మీద చాలా చోట్ల అది కూడా వెయ్యలేదు.

ధర ఎంత పెట్టాలో మీ ఇష్టం, గోలీలు మాత్రం వద్దు.

ఇట్లు,
నాలుగు స్పీకర్లు ముందే కొనిపెట్టుకున్న మీ కస్టమర్